పామాయిల్ డబ్బాలో పోసిన మందు

ఆగిరిపల్లి,
మార్చి 9, 1988.

అమ్మకి,

హైమ రాసుకునేది. నీ ఉత్తరం అందింది. మేడ మీద గదికి సున్నం కూడా వేయించాడనీ, నన్ను తీసుకొచ్చి అందులో పెట్టుకుంటానని అన్నయ్య నలుగురిలో చెబుతున్నాడనీ రాశావు. కట్టుకున్నవాడు పోతే తోడబుట్టినవాడి మీద ఈ కక్ష ఏంటని అడిగావు. చెప్తాను. పోస్టులో వేస్తే ముందు కొట్లో వాడి చేతికే వెళ్తుంది కాబట్టి, మీ వీధిలో పూలమ్మే పుష్పవతి చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. చదివాక దాచుకుంటావో చింపేస్తావో నీ ఇష్టం.

కార్తీకంలో మన మామిడి తోటలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. పూత రాకముందే దాన్ని చంపాలని ఆయన నూజివీడు వచ్చి అన్నయ్య కొట్లో కలుపు మందు తీసుకున్నారు. సొంత బావమరిదికి పురుగుమందుల కొట్టు ఉండగా ఇంకొకరి దగ్గరికి ఎందుకు వెళ్తారు? డ్రమ్ములోంచి పాత పామాయిల్ డబ్బాలో పోసి ఇచ్చాడు. డబ్బా మీద మందు పేరు లేదు, జాగ్రత్తలు లేవు. ఒంటి మీద పడితే ఏమైనా అవుతుందా అని ఈయన అడిగితే, "గడ్డిని చంపేది మనిషినేం చేస్తుంది బావా" అన్నాడట. ఆయనా, మన తోట పనికి వచ్చే సలోమోనూ కలిసి కొట్టారు. ఆయన వీపున ఉన్న ట్యాంకు కారింది. చొక్కా, పంచె తడిసి నడుముకి అంటుకుపోయినా పని మధ్యలో ఎందుకులే అని సాయంత్రం దాకా అలాగే ఉన్నారు. మర్నాడూ అంతే. నడుం చుట్టూ కాలినట్టు బొబ్బలు లేచాయి. కొబ్బరినూనె రాశాను. కొన్నాళ్ళకి నడిస్తే ఆయాసం, ఆ తర్వాత మంచం మీద కూర్చున్నా ఆయాసం. బెజవాడ తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చాం.

ఇంతవరకూ నీకు తెలుసు. ఇక నీకు తెలియంది రాస్తున్నాను. "ఏ మందు పడిందో తెలియకుండా నేనేం చెయ్యనమ్మా, పేరు కనుక్కుని రండి" అన్నారు డాక్టరుగారు. నేను బస్సెక్కి నూజివీడు వచ్చి కొట్లో అన్నయ్య ముందు నిలబడ్డాను. వాడు ఒక కాగితం మీద పేరు రాసిచ్చాడు. "అందరూ ఎప్పట్నించో వాడే పాత మందే ఇది. దీంతో ఎవరూ పోరు. డాక్టర్లు ఊరికే భయపెడతారు" అన్నాడు. ఆ కాగితాన్ని గుండెలకి అదుముకుని తీసుకెళ్ళాను. డాక్టరుగారు చూసి, అయితే మందు వల్ల కాదు, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని ఆక్సిజన్ పెట్టించారు. పెట్టినకొద్దీ ఆయన ఇంకా నల్లబడిపోయారు. ఆఖరి రోజు నా చెయ్యి పట్టుకుని "కిటికీ తియ్యి హైమా" అన్నారు. కిటికీ తీసే ఉంది.

ఆయన పోయాక సలోమోను చేతిగోళ్ళు తెల్లబడి ఊడిపోవడం మొదలైంది. నాకు అనుమానం వచ్చి డబ్బా అడుగున మిగిలిన మందులో కొంత వ్యవసాయాఫీసరుకి ఇచ్చాను. ఆయన పరీక్షకి పంపించారు. అది వాడు రాసిచ్చిన మందు కాదమ్మా. విరుగుడు లేని మందు. అది ఒంట్లోకి ఇంకినవాళ్ళకి ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా తొందరగా పాడవుతాయట. సరైన పేరు తెలిసుంటే బతికేవారా అని ఆఫీసరుగారిని అడిగాను. "అది చెప్పలేనమ్మా. కానీ డాక్టర్లు అంత తొందరగా ఆక్సిజన్ పెట్టేవారు కాదు" అన్నారు. ఆ డ్రమ్ము వాడు దొంగతనంగా తెప్పించిందట. అసలు పేరు బయటపడితే కొట్టు లైసెన్సు పోతుంది. చెల్లెలు ఎదురుగా నిలబడి ఏడుస్తుంటే వాడు ఆలోచించింది లైసెన్సు గురించి.

ఆఖరిసారి నేను మీ ఇంటికి వచ్చింది నీకు జ్వరం వచ్చినప్పుడు. ఆ రోజు నా సంచిలో చిన్న సీసాలో అదే మందు ఉంది. వాడు కాఫీ అడిగితే నేనే కలిపాను. సీసా మూత తీశాను కూడా. ఇంతలో వదిన వంటింట్లోకి వచ్చి, అందులోంచే తనకీ కాస్త పొయ్యమంది. మూత పెట్టేశాను. వాడి మీద జాలితో కాదు. తిరుగు బస్సులో కూర్చుని ఆలోచించాను. వాడు చస్తే బజారంతా కొట్లు మూస్తారు. ఎంత మంచివాడో అని చెప్పుకుంటారు. అలా పోనివ్వను. వాడు బతకాలి. బజారులో నడుస్తుంటే ఎదురొచ్చేవాళ్ళు వాడేం చేశాడో తెలిసి పక్కకి తప్పుకోవాలి. వాడు దాన్ని చూస్తూ ముసలివాడవ్వాలి.

ప్లీడరు సోమయాజులుగారిని కలిశాను. పేరు లేని డబ్బాలో మందు అమ్మడమే నేరమట. పురుగుమందుల చట్టం కలుపు మందులకీ వర్తిస్తుందట. ఆ కేసు సర్కారు పెట్టాలి. కానీ బిల్లు లేదు కాబట్టి, డబ్బా అన్నయ్య కొట్లోంచే వచ్చిందనడానికి రుజువేదని ఆఫీసరు అడుగుతున్నారు. మనిషి పోయినందుకు నష్టపరిహారం దావా మాత్రం నేనే వెయ్యొచ్చట. సలోమోను సంగతి కూడా అడిగాను. పనిలో కూలివాడికి హాని జరిగితే ముందు జవాబు చెప్పాల్సింది పని చేయించుకున్నవాళ్ళు, అంటే మీరే అన్నారు. నా మీద వెయ్యమని సలోమోనుకి చెప్పాను. నేను తప్పించుకుంటే ఇంకొకడిని నిలదీసే నోరు నాకెక్కడుంటుంది?

నోటీసు ఈ వారంలో వాడికి అందుతుంది. మేడ మీద గది ఖాళీగానే ఉండనీ.

నీ కూతురు,
హైమవతి.


ఆగిరిపల్లి,
ఆగస్టు 17, 1988.

అమ్మా,

నీ ఒంట్లో ఎలా ఉంది? మందులు వేసుకుంటున్నావా? ఇది కూడా పుష్పవతి చేతికే ఇస్తున్నాను.

నా దావాకి అన్నయ్య కోర్టులో జవాబు దాఖలు చేశాడు. సోమయాజులుగారు చదివి వినిపించారు. మొదట నాకు అర్థం కాలేదు. ఇంకోసారి చదవమన్నాను. తన బావ నారాయణరావుగారు మందు కోసం వచ్చిన రోజు తాను కొట్లో లేడట. తన తల్లి కామేశ్వరి కూర్చుందట. ఆవిడకి ఇంగ్లీషు అక్షరం రాదు కాబట్టి ఏ డ్రమ్ములోంచి ఏం పోసి ఇచ్చిందో ఆవిడకే తెలియాలట. కన్నతల్లి పేరు, వయసు, ఇంటి నంబరుతో సహా రాయించాడు.

అది అబద్ధమని నిరూపిద్దాం అన్నారు సోమయాజులుగారు. నిరూపించాలంటే నిన్ను బోనెక్కించాలి. వాడి ప్లీడరు నిన్ను నిలబెట్టి, అల్లుడికి మీ చేత్తోనే విషం పోసిచ్చారా అని అందరి ముందూ అడుగుతాడు. ఆ మాట నీ చెవిన పడటం నేను చూడలేను. నన్ను ఎక్కడ కొడితే పడిపోతానో వాడికి బాగా తెలుసు. చిన్నప్పట్నించీ తెలుసు.

అందుకని సోమవారం కేసు వెనక్కి తీసుకుంటున్నాను. సలోమోనుకి చెబితే "మీ ఇష్టం అమ్మగారూ" అన్నాడు. గోళ్ళు సరిగ్గా రాని చేతులతో నీళ్ళు తోడుకుంటూ మొహం అటు తిప్పుకున్నాడు. వాడికి ఇవ్వాల్సింది నేను ఇస్తాను, అది వేరే సంగతి. అన్నయ్యని క్షమించానని మాత్రం నువ్వు అనుకోకు. రోజూ దీపం పెట్టి నీ కొడుకు పేరు తలుచుకుంటాను. ఏమని కోరుకుంటానో నీకు రాయలేను.

హైమ.


నూజివీడు,
ఆగస్టు 20, 1988.

చిరంజీవి హైమకి అమ్మ ఆశీర్వదించి రాయునది.

కేసు వెనక్కి తీసుకోకు. ముందు ఈ మాట రాసి, మిగతాది నెమ్మదిగా రాస్తున్నాను.

నీ ఉత్తరం చూసుకుని మధ్యాహ్నం వాడు భోజనానికి కూర్చున్నప్పుడు అడిగాను. "మందు నేను ఇచ్చానని రాయించావా?" అన్నాను. "ప్లీడరు అలా రాస్తేనే నిలబడుతుందన్నాడమ్మా. నీ వయసు వాళ్ళని ఎవరూ జైల్లో పెట్టరు. అడిగితే గుర్తు లేదని చెప్పు" అన్నాడు. పెరుగు వేసుకుంటూ చెప్పాడు. ఇంకాస్త అన్నం పెట్టమన్నాడు. పెట్టాను.

నాకు గుర్తు లేకపోవడమేంటి? ఆ రోజు నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. గోడౌను తలుపు తీసే ఉంది. వాడే పోశాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేతులకి మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని పోశాడు. డబ్బా అల్లుడుగారి చేతికిచ్చి తొడుగులు విప్పి మేకుకి తగిలించాడు. అల్లుడుగారు బిల్లు అడిగితే, మనలో మనకి బిల్లేంటి బావా అని నవ్వాడు. ఆసుపత్రికి అసలు పేరే ఇచ్చానని తర్వాత నాతో ఒట్టు పెట్టి చెప్పాడు. నువ్వు కాదని రాసినా నేను వాడినే నమ్మాను. కన్నదాన్ని కదా, నమ్మాలనిపించింది.

నిన్న చింతలపూడి వైపు నించి ఒక రైతు కిరసనాయిల్ డబ్బా పట్టుకుని వచ్చాడు. మళ్ళీ అదే డ్రమ్ము. ఒంటి మీద పడితే ఏం కాదు అని మళ్ళీ అదే మాట. నేను వెనక గుమ్మంలోంచి బయటికి వచ్చి, బస్టాండు దాకా ఆ రైతు వెంట వెళ్ళాను. "బాబూ, ఆ డబ్బా ఇంటికి తీసుకెళ్ళకు. దాంతో మా అల్లుడు పోయాడు" అన్నాను. అతను డబ్బా కింద పెట్టేసి నా మొహం చూశాడు. ఇద్దరం కలిసి వ్యవసాయాఫీసుకి వెళ్ళాం. అతను తాను ఎక్కడ కొన్నాడో చెప్పాడు. నేను చూసింది నేను చెప్పాను.

ఆఫీసర్లు కొట్టుకి వచ్చేసరికి గోడౌను తాళంచెవి పోయిందన్నాడు మీ అన్నయ్య. ఇంకోటి నా బొడ్డున ఉంది. తీసి నేనే తలుపు తెరిచాను. "లోపలికి వెళ్ళమ్మా, నీకేం తెలియదు" అన్నాడు. వెళ్ళలేదు. డ్రమ్ములోంచి శాంపిలు తీసి, డ్రమ్ముకి సీలు వేసి, మందు అమ్మకూడదని కాగితం ఇచ్చారు. మేకుకున్న తొడుగులు కూడా చూపించాను. అవీ రాసుకున్నారు. బజారంతా వాకిట్లో నిలబడి చూసింది. ఎప్పుడూ వాడిని నోరారా పలకరించే పక్క కొట్టాయన తన కుర్చీ లోపలికి జరుపుకున్నాడు. నువ్వు కోరుకున్నది అదేగా. నేను కళ్ళారా చూశాను.

వాళ్ళు వెళ్ళాక వాడు నా ఎదురుగా వచ్చి, "నువ్వు అసలు తల్లివేనా?" అని అడిగాడు. "ఆ సంగతి కోర్టులో అడిగించు, అక్కడ చెప్తాను" అన్నాను.

ఇవాళ పొద్దున నా బట్టలు సర్దుకుని పుష్పవతి ఇంటికి వచ్చేశాను. సోమవారం నువ్వు సోమయాజులుగారి దగ్గరికి వచ్చేసరికి నేను అక్కడే ఉంటాను. నన్ను బోనెక్కించమని ఆయనకి ముందే చెప్పు. వాడి ప్లీడరు ఏం అడుగుతాడో అడగనీ, ఎంతసేపైనా అడగనీ. ఇది నా కొడుకు చేశాడని, నా నోటితో, వాడి మొహం చూస్తూ చెప్పాలి.

మీ అమ్మ,
కామేశ్వరి.