అడగకముందే కూర్చున్నాను

రైసూత్

అక్క రామసుబ్బమ్మకు తమ్ముడు రామాంజనేయులు దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. నా ఒంటికి ఏమీ లేదు. వేళకు తింటున్నాను, డ్యూటీకి పోతున్నాను. మనసు సంగతి కిందికి పోయేకొద్దీ తెలుస్తుంది. నువ్వు, బావ, పిల్లలు క్షేమమని నీ ఉత్తరంలో చూసి కాస్త కుదుటపడ్డాను.

ఫోన్లో నేను "మీటింగుకు పోవద్దక్కా" అని పెట్టేసినందుకు నీకు కోపం వచ్చింది. రాకేం చేస్తుంది? కారణం చెప్పకుండా పెట్టేస్తే నేనైనా తిడతాను. కానీ మా రూమ్‌లో మంచం మీద మంచం. గుసగుసలాడినా పైవాడికి వినబడుతుంది. అందుకే ఇది రాసి, సెలవు మీద కడపకు వస్తున్న ఫక్రుద్దీన్ అన్న చేతికిస్తున్నాను. నీ ఉత్తరం రాసిపెట్టిన కోడలి చేతనే చదివించుకో, ఇంకెవరికీ వినిపించవద్దు.

ముందు నువ్వడిగినవి. దగ్గు తగ్గింది. ఇక్కడ ఈ అరబ్బుల దేశంలోనూ తుంపర మొదలై కొండలు పచ్చబడ్డాయి, జనం కార్లేసుకుని చూడ్డానికి వస్తున్నారు. మాకు సైట్, క్యాంపు తప్ప వేరే ఊరు లేదు. చీపుర్లు ఇక్కడ అన్నీ ప్లాస్టిక్‌వే, నువ్వు కట్టినవాటి ముందు ఎందుకూ పనికిరావు.

ఇక మీటింగు. మన ఎరుకల వాళ్ళకూ, మనలాగే ఊరూరా తిరిగిన తక్కినవాళ్ళకూ ప్రభుత్వం కొత్త పథకం రాస్తోందనీ, ఈసారి మన మాట విన్నాకే రాస్తామన్నారనీ, మన గుడిసెల తరఫున అందరూ నిన్నే పొమ్మన్నారనీ రాశావు. చదివి ఎంత గర్వపడ్డానో, అంతకు రెట్టింపు దడ పుట్టింది. ఆఫీసరు చూపించిన కాలనీ బొమ్మలో చుట్టూ ప్రహరీ, ఒకే గేటు, దాని పక్కన వాచ్‌మన్ గది ఉన్నాయన్నావు. మంచిదా చెడ్డదా అని నన్నడిగావు.

ఇళ్ళు తీసుకో. కుళాయి తీసుకో. బడి దగ్గరలో ఉండాలని గట్టిగా అడుగు. ఈతాకు ఆరబెట్టుకోవడానికి ఇంటి ముందు నేల వదలమను. ఆ గేటు మాత్రం ఒప్పుకోవద్దు. మా క్యాంపుకూ గేటుంది, మా రక్షణకే అన్నారు. ఆలస్యంగా వస్తే ఎక్కడికి పోయావని వాచ్‌మన్ నిలదీస్తాడు. ఏదైనా వస్తువు పోతే ముందు గేటు మూస్తారు. అవ్వ చెప్పిన సెటిల్‌మెంటు గుర్తుందా? తెల్లదొరల కాలంలో మనవాళ్ళు పుట్టుకతోనే దొంగలని కంచె లోపల పెట్టి, పొద్దుగూకితే గంట కొట్టి హాజరు పిలిచేవాళ్ళట. ముసలితనంలో కూడా ఎక్కడైనా గంట మోగితే అవ్వ చేతిలో ముద్ద కింద పెట్టేసేది.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన వారం సైట్‌లో రాగి కేబుల్ పోయింది. సాయంత్రం మేము వంట చేసుకుంటుంటే గేటు మూశారు. క్యాంప్ బాస్ ఇస్రార్, సెక్యూరిటీ వాళ్ళు మా రూమ్‌లోకి వచ్చారు. అందరూ లేచి నిలబడ్డారు. నేను గొంతుక్కూర్చున్నాను అక్కా. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎవరూ అడగకముందే నా పేరు, నాయన పేరు, ఊరి పేరు చెప్పాను. అవ్వ మనకు నేర్పింది అదే కదా. "పోలీసోల్లు వస్తే నిలబడగాకండి నాయనా, పారిపోతారనుకుంటారు. కూకోని పేరు చెప్పండి." నాకు తెలియకుండానే కాళ్ళు వంగిపోయాయి.

ఇస్రార్ చెడ్డవాడు కాడు, ఎప్పుడూ భాయ్ అనే పిలుస్తాడు. ఆ రోజు నన్నే చూస్తూ, నువ్వెందుకు కూర్చున్నావని హిందీలో అడిగాడు. మళ్ళీ నా పేరే చెప్పాను. నా కులం ఎవరూ చెప్పలేదు, ఇక్కడ ఆ పేరే ఎవరికీ తెలియదు. కూర్చున్నందుకే నా పెట్టె ఒక్కటే విప్పారు. నువ్వు అల్లిచ్చిన చిన్న బుట్టను కూడా బోర్లించి చూశారు. ఏమీ దొరకలేదు. అయినా నా బతాకా, అదే ఇక్కడి గుర్తింపు కార్డు, తీసుకుపోయి, ఆదివారం ఆఫీసుకు రమ్మన్నారు. రూమ్‌లో వాళ్ళు నాతో మాట్లాడుతూనే ఉన్నారు, పెట్టెలకు మాత్రం తాళాలు వేసుకుంటున్నారు.

నాకు చాలా భయంగా ఉంది. వేళకు తింటున్నానని పైన రాసింది అబద్ధం, ముద్ద దిగడం లేదు. దొంగ అని ముద్ర వేసి పంపించేస్తే మన స్టేషన్ వాళ్ళు నన్ను బతకనిస్తారా? దొంగ అక్క కాలనీ గురించి చెప్పడానికి వచ్చిందని ఆ మీటింగులో నవ్వరా? అది తలుచుకునే నిన్ను వద్దన్నాను.

అలా అనడం తప్పు. నువ్వు పోకపోతే ఆ గేటు కట్టేస్తారు. మన పిల్లలకు కూడా ఎవరో ఒకరు గొంతుక్కూర్చోవడం నేర్పాల్సి వస్తుంది. పో అక్కా, బావను తోడు తీసుకుపో. నా సంగతి ఎవరైనా ఎత్తితే తల దించుకోవద్దు, మా తమ్ముడు తీయలేదని చెప్పు. నేను తీయలేదు, నీ మీద ఒట్టు.

ఇంకొక్క మాట. పెద్ద ఆఫీసరు లోపలికి రాగానే నీకూ కాళ్ళు వంగుతాయి. మండలాఫీసులో కుర్చీలు ఖాళీగా ఉన్నా నువ్వు గోడ వారన గొంతుక్కూర్చోవడం నేను చూశాను. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చో. వీపు ఆనించి కూర్చో. ఆదివారం ఆఫీసులో నేను నిలబడే ఉంటాను.

ఇట్లు,
నువ్వు చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు
రామాంజనేయులు