ఎర్ర టేపు చుట్టిన పైపు

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

నా రాత కోడి గీకినట్టుంటుందని నీకు తెలుసు. ఒత్తులు పోయిన చోట నువ్వే పెట్టుకుని చదువుకో. అందరం బాగున్నాం అని రాద్దామంటే మీ మామయ్య పాదానికి ఇంకా కట్టుంది. కాబట్టి మిగతావాళ్లం బాగున్నాం. మీ అమ్మ దగ్గు తగ్గింది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అడిగినవాటికి ఒక్కొక్కటే చెబుతాను.

నాగలి మీదకి దిగి మామయ్య పాదంలో రెండు ఎముకలు విరిగాయి. నెలన్నరకి కట్టు విప్పుతామని, నడుస్తాడని డాక్టరు అన్నారు. నడవకముందే మంచం మీదనుంచి ఇల్లంతా నడిపిస్తున్నాడు. నిన్న నన్ను పిలిచి, "నా కాలు విరిగితే నీ నోరు పడిపోయిందేంటి బావా? ముందే మాటల్లో పిసినారివి, ఇప్పుడు ఆ చిల్లర కూడా రాలట్లేదు" అన్నాడు. నీళ్లు తెస్తానని లేచి వచ్చేశాను.

నా మణికట్టు నొప్పి తగ్గింది. ట్రాక్టరునీ నాగలినీ పైన కలిపే పాత లింకు ఉన్నప్పుడు నాగలి వాలు సరిచేయాలంటే ట్రాక్టరు దిగడం, చేత్తో లింకు తిప్పడం, ఎక్కి చూడడం, మళ్లీ దిగడం. నువ్వు హైడ్రాలిక్ లింకు బిగించాక సీట్లోంచి లివరు లాగితే చాలు. లింకు పొట్టిదైతే నాగలి వెనక తోక లేస్తుంది, పొడుగైతే దిగుతుంది. నా చేతి కోసమే పెట్టావు.

లాక్ వాల్వు కారుతోందా అని అడిగావు. లేదు. కారితే తోక దానంతటదే దిగిపోతుందని నువ్వే చెప్పావుగా. మొన్న పొద్దున నాగలి ఎత్తిపెట్టి, లింకు సిలిండరు మూతి దగ్గర రాడ్డు మీద సుద్దముక్కతో గీత గీశాను. సాయంత్రం చూస్తే వెంట్రుకంత కదల్లేదు. నిన్న మళ్లీ చూశాను. నీ బిగింపులో లోపం లేదు.

మెకానిక్కు మాత్రం వేరేలా చెప్పాడు. ప్రమాదమైన మూడోనాడు వచ్చి, లివరు అటూ ఇటూ ఆడించి, "అన్నీ బానే ఉన్నాయి. వాల్వే జారుంటుంది. ఎవరు బిగించారు?" అన్నాడు.

"మా మేనకోడలు. వర్క్‌షాపులో పనిచేస్తుంది" అన్నాడు మామయ్య.

"అదీ సంగతి. గరిటె పట్టాల్సిన చేతికి స్పానరిస్తే ఇంతే."

"నువ్వు బిగించిన మా పంపు ఎన్నాళ్లు నీళ్లు పోసిందో చెప్పమంటావా?" అని మామయ్య కసిరాడు. నేను తువ్వాలు దులుపుకుంటూ నిలబడ్డాను. ఆ మాటే మీ అమ్మ ఉత్తరంలో నీదాకా వచ్చింది.

నెలాఖరుకి వర్క్‌షాపు మానేస్తానని రాశావు. మనిషి కాలు విరగ్గొట్టిన చేత్తో ఇంకొకరి బండి ముట్టుకోనన్నావు. నెలాఖరుకి ఇంకా ఎనిమిది రోజులే.

ఆ రోజు పొద్దున ట్రాలీ ఎత్తే పైపు పెట్టడానికి ట్రాక్టరు సాకెట్లలోంచి లింకు పైపులు రెండూ ఊడదీశాను. మధ్యాహ్నం నాగలి తగిలించి మళ్లీ పెట్టాను. ఎర్ర టేపు పైపు ఎర్ర టేపు సాకెట్లోకే, మారితే లివరు తిరగబడి పనిచేస్తుందని నువ్వు నా చేయి పట్టుకుని చూపించావు. పెట్టాక, వెనక ఎవరూ లేనప్పుడు ఒకసారి లివరు ఆడించి చూడమన్నావు. టేపుల మీద బురద పట్టింది. నేను తుడవలేదు. ఆడించలేదు. మబ్బు పట్టింది, వాన వచ్చేలోగా అయిపోవాలని తొందర.

చివరి కర్రుకి గడ్డి వేళ్ల గుత్తి చిక్కుకుంది. మామయ్య తోక దగ్గర నిలబడి, ఒక కాలు కిందకు చాపి లాగుతున్నాడు. "కాస్త తోక లేపు బావా, పెళ్లినాడు మీసం లేపినట్టు" అన్నాడు. నవ్వుతూనే లివరు లాగాను. లేవాల్సింది దిగింది.

పక్క పొలంవాళ్లు అతన్ని జీపులో తీసుకెళ్లారు. నేనూ ట్రాక్టరూ మిగిలాం. అప్పుడు తువ్వాలుతో టేపులు తుడిచాను. ఎర్ర పైపు పక్క సాకెట్లో ఉంది. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. ఊడదీసి, సరిగ్గా మార్చి పెట్టేశాను. మెకానిక్కు చూసింది నేను మార్చినదాన్ని. చేతులే చేసేశాయి అనుకుందామంటే ఆ చేతులు నావే.

పన్నెండు రోజులుగా మామయ్యకి అన్నం పళ్లెం అందిస్తున్నాను. నా తప్పు నీ నెత్తిన పెట్టి తలదించుకు తిరుగుతున్నాను తల్లీ.

నోటితో చెప్పడం నాకు రాదు. అతను ఇప్పుడు నిద్రపోతున్నాడు. లేవగానే ఈ కాగితం ముందు అతని చేతికిస్తాను. అతను చదివాకే కవరు అంటిస్తాను. ఇది నీకు అందిందంటే అతనికి తెలిసినట్టే. పోస్టు డబ్బాలో వేసి, అటునుంచి అటే మెకానిక్కు షెడ్డుకి వెళ్తాను. అక్కడ ఎలా మొదలుపెట్టాలో తెలియదు. నా పైపులు నేనే తప్పు పెట్టానని చెబితే చాలనుకుంటా.

స్పానరు కింద పెట్టకు. నెలాఖరులోగా నీ జవాబు రావాలి. నన్ను తిడుతూ రాసినా సరే, వర్క్‌షాపులో కూర్చుని రాయి.

ఇట్లు,
నీకు ముందే చెప్పాల్సిన
మీ నాన్న