సోములమ్మ ఫోటో

ఆదివారం రాత్రి, టికియాపారా

ఊళ్లో కాఫీ షాపులు నడిపే దత్తాబాబు ఈరోజు చర్చి అయ్యాక మేం గింజలు వేపే షెడ్డుకొచ్చాడు. మాకు కాఫీ పండించి ఇచ్చే అరకు సోములమ్మ గింజల బస్తాలతో వచ్చి అక్కడే ఉంది. ఆమెకు నమస్కారమైనా పెట్టకుండా తన ఫోన్లో ఆమె ఫోటో తీసుకున్నాడు. తర్వాత నాతో బెంగాలీలో, "ప్యాకెట్ మీద ఈ బొమ్మ వేద్దాం, దాదా. లోపల చౌక గింజలు కలిపితే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. ఎర్రజెండా సభల్లో కష్టజీవుల కోసం గొంతు చించుకునే పెద్దమనిషి!

"ఆవిడ మొగం నీ కల్తీకి అంటిస్తావేటి? నడు బయటికి!" అంది మా ఆవిడ. దత్తాబాబుకి తెలుగు రాకపోయినా అర్థమైంది. సిగ్గులేకుండా నవ్వుతూ వెళ్లాడు. పీడా పోయిందనుకున్నాను.

"నా బొమ్మ ఆడి కాడే ఉండిపోనాది గదా, బాబూ?" అంది సోములమ్మ.

ఆ వెధవకి కల్తీ గింజలు వేపేవాడు ఇంకొకడు ఈపాటికి దొరికే ఉంటాడు…