పరీక్ష అయ్యేదాకా

అమ్మ తర్వాత నా వీపు మీద ఒక్కటిచ్చే హక్కు ఉన్న మా అక్కకు,

ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, మధ్యలో బాబాయి ఫోను లాక్కుని "ఊరుకోండమ్మా, ఇద్దరూ ఊరుకోండి" అంటాడు. ఆ తంతు ఇప్పటికే అయింది. అందుకే కాగితం మీద రాసి ఫోటోలు తీసి పంపుతున్నాను. షాపులో జనం ఉన్నప్పుడు చదవకు.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. నేను పరీక్ష తప్పాను. అవును, ఆ పరీక్షే. అమ్మ పోయిన మర్నాడు, అమ్మ పోయిందని తెలియక, తలకు టోపీ చెవులకు మఫ్లరు చుట్టుకుని, మంచు తొక్కుకుంటూ వెళ్ళి రాసిన పరీక్ష. మీరంతా కలిసి నాకు అమ్మను కనపడనివ్వకుండా చేసి మరీ రాయించిన పరీక్ష. ఫలితం వచ్చి వారమైంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే బాబాయి మొహం ఎలా ఉంటుందో అని కాదు, అమ్మ చావు దండగైపోయినట్టు అనిపించి.

ఆ రోజు హాల్లో నేనెంత హాయిగా ఉన్నానో తెలుసా? ఇక్కడ పరీక్ష పొద్దున మొదలైతే మధ్యాహ్నం మూడింటిదాకా సాగుతుంది. పిల్లలు అరటిపళ్ళు, కాఫీ ఫ్లాస్కులు తెచ్చుకుని బల్ల మీద పెట్టుకుంటారు. కాపలాగా రిటైరైన ముసలమ్మలు కూర్చుంటారు, బాత్రూమ్‌కి వెళ్తానంటే తలుపుదాకా తోడొస్తారు. అమ్మకు ఇదంతా చెప్పి నవ్వించాలని నేను హాల్లోనే మాటలు పేర్చుకున్నాను. ఇక్కడ చలికాలం కదా, బయటికొచ్చేసరికి పట్టపగలే చీకటి పడిపోయింది. మెట్ల మీద నిలబడి గ్లవ్స్ తీసి నీకు ఫోన్ చేశాను. నువ్వు ఏమన్నావో గుర్తుందా? "బాగా రాశావా?" అన్నావు. బాగానే రాశాను అన్నాక, అప్పుడు చెప్పావు. అక్కా, నువ్వు ముందు ఆ మాట ఎలా అడగగలిగావు?

అంతకుముందు రోజుల్లో నువ్వు చెప్పిన అబద్ధాలన్నీ ఇప్పుడు కూర్చుని ఏరుకుంటున్నాను. అమ్మ నిద్రపోతోంది. అమ్మ గొంతు పట్టేసింది. అమ్మ బైండింగు గమ్ము కోసం బజారుకెళ్ళింది. ఒకసారి నీ పక్కనుంచి "బాగా చదువుకో పిచ్చుకా" అని అమ్మ మాట వినపడింది. గొంతు అదోలా ఉందేంటే అన్నాను. జలుబన్నావు. నేనూ, మొద్దు మొహాన్ని, ఆవిరి పట్టమని సలహా ఇచ్చి పెట్టేశాను. ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషికి ఆవిరి పట్టమన్నాను.

మా గడ్డం మాస్టారు నన్ను గదికి పిలిచారు. ఇక్కడ అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు తిరగదు, సార్ అనే అంటాను, ఆయన నవ్వి ఊరుకుంటారు. "మీ అమ్మగారి సంగతి ఆలస్యంగా తెలిసింది. అలాంటప్పుడు పరీక్షకు ఎందుకు వచ్చావు?" అన్నారు. నాకు చెప్పలేదండీ అన్నాను. "ఎందుకు చెప్పలేదు?" అంటే పరీక్ష ఉందని అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. "కానీ ఇది మళ్ళీ రాసుకునే పరీక్షే కదా. ఏప్రిల్‌లో ఉంది, ఆగస్టులో ఉంది" అన్నారు. తప్పు పట్టడానికి అనలేదు, నిజంగానే అర్థంకాక అడిగారు. ఆ జవాబు నీ దగ్గరే ఉండాలి. మన జెరాక్సు, బైండింగు షాపు బతికిందే సప్లిమెంటరీ రాసేవాళ్ళ మీద. "వచ్చావా నాయనా, మూడోసారి" అని అమ్మ వాళ్ళను ఆటపట్టిస్తూనే నోట్సు జెరాక్సు తీసిచ్చేది. పరీక్ష మళ్ళీ రాయొచ్చు, అమ్మ మళ్ళీ రాదు అని ఆ షాపులో పెరిగిన నీకు తెలియలేదా?

కోపంతోనే నేను అప్పుడు రాలేదు. అన్నీ అయిపోయాక ఎవరిని చూడ్డానికి రావాలి? ఇప్పుడు మాత్రం వస్తున్నాను. చదువు మానేస్తున్నానని యూనివర్సిటీ ఆఫీసులో కాగితం రాసిచ్చాను. ఈ నెలాఖరుకు గది ఖాళీ చేస్తాను. కారిడార్ చివర అందరికీ కలిపి ఉన్న వంటింట్లో నా గిన్నెలు పక్కగది అమ్మాయికి ఇచ్చేస్తున్నాను. అక్కడికొచ్చి షాపులో నీ పక్కన కూర్చుంటాను. అమ్మకు చేయలేనిది నీకైనా చేస్తాను. అయితే నీతో మాట్లాడతానో లేదో మాత్రం ఇప్పుడే చెప్పలేను.

నీ చెల్లెలు,
పిచ్చుక

*

మా పిచ్చుకకు,

నీ అంత బాగా రాయడం నాకు రాదు. బిల్లులు రాసే చెయ్యి ఇది. అయినా నువ్వు అడిగావు కాబట్టి చెప్తాను, ఒక్కసారే చెప్తాను, మళ్ళీ అడగొద్దు.

పరీక్ష మళ్ళీ రాయొచ్చని నాకు తెలుసు. అమ్మకీ తెలుసు. నువ్వే ఒకసారి ఫోన్లో చెప్పి, ఇక్కడ ఎవరూ తప్పినా సిగ్గుపడరమ్మా అని నవ్వావు. అమ్మ రెండు రోజులు అదే తలుచుకుని మురిసిపోయింది.

ఆసుపత్రిలో చేర్చిన రోజే నాకు అర్థమైపోయింది. నర్సింగ్ సగం చదివినా సగం చదివినట్టే కదా, డాక్టర్లు ఇంగ్లీషులో గుసగుసలాడితే నాకు తెలిసిపోతుంది. కిడ్నీలు రెండూ పోయాయి, డయాలసిస్‌కు తట్టుకోదు, రోజులే అన్నారు. అంటే, నువ్వు వచ్చేంత టైము అప్పటికి ఉంది. ఆ సంగతి ఈ చెవులతో విన్నాను కాబట్టి నాకు నిద్ర పట్టడంలేదు. అమ్మ దగ్గరకెళ్ళి, దాన్ని రమ్మంటానమ్మా అన్నాను. వద్దంది. పరీక్ష మళ్ళీ రాసుకుంటుందిలే అన్నాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుని అంది, "పరీక్ష కోసం కాదే. నాన్నకు బాగోలేదని నిన్నూ ఇలాగే రమ్మన్నాను. పది రోజులు ఉండి వెళ్ళిపోదువుగాని అన్నాను. వెళ్ళావా? నిన్ను రప్పించి చెడగొట్టాను. దాన్ని చెడగొట్టను. అడిగితే పరీక్షని చెప్పు, పరీక్షంటే ఎవరూ ఎదురుచెప్పరు" అని.

చూశావా. అందుకే నీకు చెప్పలేదు. నీకు చెప్పాలంటే ఈ మాట చెప్పాలి. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఉమ్మిన గిన్నె కడుగుతూ, నేను చెడిపోయానని మా అమ్మ నోటితో విన్నాను. నాకలా ఎప్పుడూ అనిపించలేదే. నర్సింగ్ హాస్టల్ నుంచి వచ్చేశాను, నాన్న పోయాడు, షాపు ఉంది, నువ్వు చిన్నదానివి, నేను ఉండిపోయాను. అంతే అనుకున్నాను. అమ్మ మాత్రం ఇన్నేళ్ళూ నన్ను చూసిన ప్రతిసారీ అదే అనుకుందా? రోజూ అన్నం పెడుతూ అదే అనుకుందా? ఆ మాట విన్న దగ్గర్నుంచి అద్దంలో చూసుకోవాలంటే నామోషీగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకు చెప్పాను.

"బాగా రాశావా" అని ఎందుకడిగానంటావా. ఆ రోజు నా చేతిలో మిగిలింది అదొక్కటే. అది బాగుందని వింటే మిగతాది చెప్పగలననుకున్నాను. తప్పావని ఇప్పుడంటున్నావు. తప్పితే తప్పావు.

నువ్వు మానేసి వస్తే నేను ఆపలేను. కానీ నా పక్కన కూర్చుంటానన్నావే, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకో. నన్ను చూసి అమ్మ కుమిలినట్టు, నిన్ను చూస్తూ నేను రోజూ కుమలాలా?

మాట్లాడకపోయినా పర్లేదు. తిండి మానకు.

అక్క

*

మా అక్కకు,

నీ ఉత్తరం మేమంతా వంతులవారీగా బట్టలుతుక్కునే లాండ్రీ గదిలో చదివాను. ఉతకడం అయిపోయి మెషిన్ ఆగింది, నా తర్వాత టైము రాసుకున్న కుర్రవాడు బట్టలతో వచ్చి నిలబడ్డాడు. నన్ను చూసి ఏమీ అడగకుండా నా బట్టలు తనే తీసి మడతపెట్టి బల్ల మీద పెట్టాడు. ఇక్కడివాళ్ళు ఓదార్చరు. పని చేసిపెడతారు. నువ్వూ అంతే కదా అనుకుని ఇంకా ఏడ్చాను.

అమ్మ మీద కోపం రావాలి, రావడంలేదు. ఎందుకంటే ఆవిడ నన్ను సరిగ్గానే అంచనా వేసింది. అప్పుడు నన్ను పిలిచి ఉంటే, అమ్మను ఆ మంచం మీద, నిన్ను ఆ స్టూలు మీద చూశాక నేను తిరిగి విమానం ఎక్కేదాన్ని కాదు. నాకు తెలుసు. అలాగని ఆవిడ చేసింది నాకు సమ్మతం కాదు. ఉండిపోతానో, వెళ్ళిపోతానో, తప్పుతానో, అది నన్ను తేల్చుకోనివ్వాల్సింది. కడసారి చూపు ఏ ఏప్రిల్‌లోనూ మళ్ళీ రాదు. ఈ బాధ నాకు పోదు అక్కా. నిన్ను తిట్టినా పోలేదు, నిన్ను క్షమించినా పోదు.

చదువు మానడంలేదు. ఆఫీసుకెళ్ళి చెప్పాను. అక్కడి ఆవిడ, నా కాగితం ఇంకా పైకి పంపలేదంది. ఎందుకని అడిగితే "మనసు మారుతుందేమోనని" అంది. వచ్చే వారం ఇంటికి వస్తున్నాను. కొన్నాళ్ళుండి తిరిగి వస్తాను, ఏప్రిల్లో పరీక్ష రాస్తాను, మళ్ళీ తప్పితే ఆగస్టులో రాస్తాను. మనింట్లో ఒకరు వచ్చి, చూసి, ఏడ్చి, తిరిగి వెళ్ళగలరని ఎవరో ఒకరు చేసి చూపించాలి. వెళ్ళేరోజు నేను మొరాయిస్తాను. అప్పుడు నన్ను ఆటోలోకి తొయ్యాల్సింది నువ్వే.

ఇక చెడిపోయావన్న మాట. అమ్మ ఆ మాట అన్నది నీ గురించి కాదు, తన గురించి. తను చేసినదాన్ని తను క్షమించుకోలేక అంది. అయినా నాకు చెప్పు, నాన్నకు చివరిదాకా నువ్వున్నావు. అమ్మకు నువ్వున్నావు. ఆవిడ చెయ్యి పట్టుకున్నది నీ చెయ్యి. నేను ప్రపంచం అంచున కూర్చుని ఆవిరి పట్టమని చెప్పాను. మనిద్దరిలో చెడిపోయింది ఎవరో నువ్వే ఆలోచించుకో.

ఇప్పుడు నాకొకటి కావాలి. నేను వచ్చాక షాపు ఒకరోజు మూసెయ్యి. తలుపేసుకుని కూర్చుందాం. ఆసుపత్రికి తీసుకెళ్ళిన దగ్గర్నుంచి మొదలుపెట్టు. అమ్మ ఏం అడిగింది, ఏం తిన్నది, దేనికి విసుక్కుంది, ఎప్పుడైనా నవ్విందా, నొప్పికి ఏమని అరిచింది, నా పేరు ఎన్నిసార్లు పిలిచింది, అసలు పిలిచిందా లేదా. నేను ఏడుస్తానని ఎక్కడా ఆపకు. నేను లేని ఆ రోజులన్నీ నీ దగ్గరే ఉన్నాయి. ఏదీ దాచకు.

నీ
పిచ్చుక