నేను రాసిన పేజీ

సంగారెడ్డి,
14 సెప్టెంబర్ 2004, మంగళవారం.

సుకుమారి అక్కకు జయశీల వందనాలు. మీరూ, అమ్మగారూ జహీరాబాద్‌లో కులాసాగా ఉన్నారని తలుస్తాను. కొత్త బడిలో పిల్లలు మీకు ఈపాటికి అలవాటై ఉంటారు. ఆరు నెలలుగా మీకు రాయలేదు. రాయడానికి మొహం చెల్లలేదు.

చాలా రోజుల తర్వాత ఈ ఉదయం ఆరున్నరకు ఫ్యాక్టరీ బస్సు మళ్లీ మా వీధి చివర ఆగింది. ఎవరూ ఎక్కలేదు. డ్రైవరు అలవాటుగా ఒకసారి హారన్ కొట్టి, అప్పుడు గుర్తొచ్చినట్టు ముందుకు పోనిచ్చాడు. అక్కడ ఎక్కే మనిషి దేవమ్మ. ఆమె పోయి పద్దెనిమిది రోజులైంది.

పఠాన్‌చెరులో బ్యాగుల ఫ్యాక్టరీ తగలబడిన సంగతి పేపర్లో చూసే ఉంటారు. కాలని భాగంలో ఇవాళే మళ్లీ పని మొదలైంది. జిగురు గదిలో అంటుకుంది. పగలు పదకొండు గంటల వేళ. ముందువైపు ఉన్నవాళ్లు బయటపడ్డారు. వెనక తలుపుకు తాళం. సరుకు దొంగతనంగా బయటికి పోతుందని రోజూ వేసే తాళమే. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ గేటు దగ్గర. దేవమ్మ ఆ తలుపు పక్కనే దొరికింది.

విదేశీ కొనుగోలుదారు పెట్టిన నియమాలు ఎలా పాటించాలో నేర్పమని, నవంబర్‌లో మన ఆఫీసు నన్ను పంపింది ఆ ఫ్యాక్టరీకే. మూడు నెలలు వెళ్లాను. మంటలొస్తే అందరూ బయటికి నడిచే కసరత్తు అప్పుడప్పుడూ చేయించి, రిజిస్టర్‌లో రాసిపెట్టాలి కదా. ఎలా రాయాలో తెలియదని సూపర్‌వైజర్ యాదన్న అంటే, నమూనాగా ఒక పేజీ రాసిచ్చాను. ఉత్త అంకెలు వేస్తే బాగుండదనిపించి ఒక వాక్యం కలిపాను: మెట్ల మీద మల్లవ్వ చెప్పు జారిపోయింది, చెప్పు కోసం వెనక్కి తిరగవద్దని అందరికీ చెప్పాం అని. మల్లవ్వ అనే మనిషి అక్కడ లేదు. నేను కల్పించాను. నిజంలాగా ఉందని ముచ్చటపడ్డాను కూడా.

మార్చిలో సార్ గదిలో మీరు అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. సలహా ఇవ్వడానికి వెళ్లినవాళ్లను అదే చోటికి తనిఖీకి పంపవద్దన్నారు. సూర్యప్రకాశరావు సార్ నవ్వి, "వంట చేసినావిడ ఉప్పు చూసుకోదా అమ్మా?" అన్నారు. "చూసుకుంటుంది సార్. బాగాలేదని చుట్టాల ముందు తనే చెప్పుకోదు" అన్నారు మీరు. తర్వాత నావైపు తిరిగి, నువ్వేమంటావు జయా అని అడిగారు. నేను ఫైలు అట్ట చూస్తూ కూర్చున్నాను. మర్నాడు మీరు ఉద్యోగం మానేశారు. వారం తిరగకుండా మీ కుర్చీ నాకిచ్చారు. కూర్చున్నాను.

మే నెలలో ఆ ఫ్యాక్టరీ తనిఖీ వచ్చింది. సలహా ఇచ్చిన మనిషి రెండేళ్లదాకా తనిఖీ చేయకూడదని కొనుగోలుదారు షరతు. అది గుర్తుచేస్తే సార్, "వాళ్లు సముద్రం దాటి వచ్చి చూస్తారా? నీకైతే అక్కడ మూలమూలా తెలుసు, ఒక్కపూటలో తేల్చేస్తావు" అన్నారు.

యాదన్న రిజిస్టర్ తెచ్చి ముందు పెట్టాడు. ఫిబ్రవరిలో ఒక కసరత్తు, మేలో ఒకటి. రెండుసార్లూ అరవై నాలుగు మంది మూడు నిమిషాల్లో బయటికి వచ్చారు. రెండుసార్లూ మల్లవ్వ చెప్పు జారిపోయింది.

తలెత్తి చూశాను. "ఏంది మేడమ్, గట్ల జూస్తున్నరు? మీరు రాసిచ్చిందే గదా. మీ రాతల మీకే తప్పు దొర్కుతదా?" అని నవ్వాడు. వెనక తలుపుకు తాళం వేలాడుతోంది. తీయమన్నాను. "జెర ఛాయ్ తాగున్రి, చెవి తెప్పిస్త" అన్నాడు. ఛాయ్ వచ్చింది. చెవి రాలేదు. తప్పని రాస్తే, మూడు నెలలు నేను నేర్పిందంతా వృథా అని నా చేత్తో నేనే రాసినట్టవుతుంది. కసరత్తులు సక్రమం, తలుపులన్నీ తెరిచి ఉన్నాయి అని టిక్కు పెట్టాను.

ఇప్పుడు యాజమాన్యం ఆ నివేదికే చూపిస్తోంది. తలుపు తెరిచే ఉందట. కసరత్తు నేర్పారట. దేవమ్మే టిఫిన్ డబ్బా కోసం వెనక్కి పోయిందట.

ఆదివారం ఆమె భర్త కొమురయ్య మా గడప దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "బిడ్డా, నువ్వు గా కంపెనీకి వోతుంటివి గదా. డబ్బా కోసం పానం తీసుకునెటంత పిచ్చిదా మా ఆమె? తాళం ఉండెనా లేదా, గదొక్కటి చెప్పు" అన్నాడు. నాన్నగారు చర్చి నుంచి వచ్చి, చేతిలో బైబిలు అలాగే పట్టుకుని నన్నే చూస్తున్నారు. తాళం ఉంది అన్నాను.

"గిదే మాట ఆఫీసర్ ముంగట అంటవా?" అన్నాడు. తల ఊపాను. "తలూపుడు కాదు బిడ్డా, నోటితోని అనాలె" అని వెళ్లిపోయాడు.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో విచారణ. నిన్న సార్ ఫోన్ చేసి, జ్వరమని చెప్పి ఇంట్లో ఉండటం నాకే మంచిదన్నారు. నేను వెళ్తాను. నమూనా పేజీ కార్బన్ కాపీ నా దగ్గర ఉంది. అక్కడ పైకి చదవడానికి, చెప్పాల్సినదంతా నాలుగు పేజీల్లో రాసి పెట్టుకున్నాను. దేవమ్మ వెనక్కి తిరగలేదన్నది మొదటి వాక్యం.

ఆ రోజు మీరు అడిగినప్పుడు నేను మాట్లాడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించను. అది తేలేది కాదు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. నాకు జవాబు రాయాలని లేకపోతే రాయవద్దు.

మీ
జయశీల

తా.క. విచారణ నోటీసు మీ పేరున జహీరాబాద్‌కు కూడా వస్తుంది. సలహా ఇచ్చింది ఒకరు, తనిఖీ చేసింది ఇంకొకరు అని కాగితం మీద చూపించాల్సి వచ్చింది. కొనుగోలుదారుకు ఇచ్చిన తనిఖీదారుల జాబితాలో మే నాటికి ఇంకా మీ పేరు తీసేయలేదు. ఆ నివేదిక కింద ఉన్నది మీ సంతకం. పెట్టింది నేను.