మామిడి చెక్కకు ముందు లక్క

ములకలపల్లి,
మార్చి 9, 2025.

చిరంజీవి సరితకు,

అత్తమ్మ నాంచారమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేనూ మేకలూ బాగానే ఉన్నాం. అడవిలో ఇప్పపువ్వు రాలడం మొదలైంది. పొద్దున్నే ఊరంతా గంపలు పట్టుకుని అటే పోతోంది. ఖమ్మంలో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను.

పాలిష్ చెడిన మామిడి చెక్క ముక్క పంపావు కదా, నాగరాజు తెచ్చి ఇచ్చాడు. వసారాలో వెలుతురుకు పెట్టి చూశాను. ఒకచోట నల్లగా, ఒకచోట వెలిసిపోయి, గజ్జి పట్టినట్టుంది. నా కొడుకు సంపత్ పోయాక ఇన్నాళ్లూ ఒక్కదానివే పాలిష్ షాపు నెట్టుకొచ్చావు. ఇప్పుడు ఈ ఒక్క బీరువా చెడిందని, ఈ పని నావల్ల కాదు, షాపు ఖాళీ చేస్తానన్నావట.

తప్పు నీ చేతిది కాదు బిడ్డా. మామిడి చెక్క రంగును ఒక్క తీరుగా తాగదు. మెత్తగా ఉన్నచోట గటగటా తాగుతుంది, గట్టిగా ఉన్నచోట మూతి తిప్పుకుంటుంది. ఆ బీరువా తలుపులు గీకేసి, స్పిరిట్‌లో లక్క పల్చగా కలిపి ముందు ఒక పూత వెయ్యి. ఆరాక సన్న గరుకు కాగితంతో పైపైన రుద్ది, అప్పుడు రంగు పెట్టు. అదీ కనపడని వెనకవైపు పెట్టి చూసుకున్నాకే.

సంపత్ కూడా మొదట్లో ఇట్లాంటి పనే చేశాడు. భద్రాచలంలో ఒక టీచరమ్మ ఇంటి టేకు తలుపుకు, బాగా కనపడాలని ముదురు రంగు కొట్టాడు. మీ మామ చూసి కోప్పడలేదు. "టేకు కడుపుల్నే నూనె ఉంటదిరా. దాని అందం దానికుంది, కప్పిపెట్టకు" అన్నాడంతే. తండ్రీకొడుకులు కూర్చుని ఆ రంగంతా గీకారు. అవిసె నూనెలో కాస్త టర్పెంటైన్ కలిపి గుడ్డతో పల్చగా తుడిస్తే, చెక్కలోని గీతలు గోదావరి ఇసుక మీద నీళ్ల జాడల్లా తేలాయి. టీచరమ్మ ఆ తలుపు ముందు నిలబడి లోపలికి పోవడమే మరిచిపోయింది.

నువ్వు కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మన ఇంట్లో ఆ నూనె వాసనకు ముక్కు మూసుకునేదానివి. తర్వాత పుట్టింటికి పోయొచ్చి, అక్కడ ఆ వాసన లేక నిద్ర పట్టలేదన్నావు. అది విని సంపత్ నూనె గుడ్డ తెచ్చి నీ తలగడ కింద పెట్టాడు, గుర్తుందా? ఎంత ఉతికినా ఆ మరక పోలేదు. ఆ తలగడ ఇప్పుడు నేనే వేసుకుంటున్నాను.

వేప కిటికీలు వస్తే ఎండకూ వానకూ నిలవాలి గనక అవిసె నూనె బాగా పట్టించు. ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకో పూత. జిట్రేగు చెక్కకు పుట్టుకతోనే ముదురు రంగుంది, ఇంకో రంగు ముట్టించకు, లక్క పాలిష్ చాలు. చపాతీ పీటలకు, గరిటెలకు కొబ్బరినూనె తప్ప ఇంకేదీ వద్దు. తిండి తగిలేవి కదా. అన్నిటికంటే ముఖ్యం, అవిసె నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకు. అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరెయ్యి.

నాగరాజు మధ్యాహ్నమంతా ఇక్కడే ఉన్నాడు. సంపత్ ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి వచ్చేవారు, ఇప్పుడు ఒక్కడే రావడం చూసి మొదట నా మనసు కలుక్కుమంది. నీ షాపు పక్కన మంచం కోళ్లు తిప్పే మిషను బాగానే నడుస్తోందన్నాడు. మన వెనక తలుపు నేలకు రాసుకుంటుంటే, నేను అడగకుండానే దించి చిత్రిక పట్టి మళ్లీ బిగించాడు. జొన్నరొట్టె పెడితే తిన్నాడు. నువ్వు పొద్దున తినకుండానే షాపు తెరుస్తావని నాకు చాడీ చెప్పాడు.

షాపు మాత్రం మూయకు. ఆ బీరువా బాగుచేసి చూడు, ఆ తర్వాత నీ ఇష్టం.

నీ మేలు కోరే అత్తమ్మ,
నాంచారమ్మ

తా.క. చెక్క ముక్క పేరు చెప్పి వచ్చాడు గానీ, నాగరాజు వచ్చింది దానికోసం కాదు. బస్సుకు పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. "అమ్మా, సరితను చేసుకుందామని ఉంది. ఆమెను ఇంకా అడగలే. ముందుగాల నీ మనసు తెల్సుకోవాలె అనిపించింది" అన్నాడు. "నా మనసుతోని పనేంది? ఆమెనే అడుగు" అన్నాను. అతను వెళ్లాక చాలాసేపు ఏడ్చాను. సంపత్ గుర్తొచ్చి ఏడ్చానో, నీకు ఒక తోడు దొరుకుతున్నందుకు ఏడ్చానో నాకే తెలియలేదు. రేపో మాపో అతను నిన్ను అడుగుతాడు. ఇష్టమైతే అవ్ అను. లేకుంటే కాదను. పెళ్లంటూ జరిగితే, ఊరు ఏమన్నా సరే, తల్లిగా నేనే పక్కన నిలబడతాను. జరగకపోతే ఈ ఇల్లు ఎప్పటిలాగే నీది. ఇదంతా ఫోన్‌లోనే చెప్పొచ్చు. కానీ నా గొంతు వణకడం నీకు వినపడేది. అది విని నాకోసం వద్దనేదానివి.