అరువు గొంతు

రోమ్,
1974 మార్చి 6

ప్రియమైన అర్మెల్ అక్కకు,

ఆదివారం ఫోనులో "జలుబు చేసిందేంట్రా?" అని అడిగావు. అవునన్నాను. అబద్ధం. రెండు నెలలుగా గొంతు బొంగురుపోయి ఉంది. డాక్టరుకు చూపించుకోలేదు. ఎందుకో చెబుతాను, తిట్టకు.

ఈ ఊళ్ళో పంతొమ్మిదేళ్ళుగా తెర మీద ముఖం నాది, మాట ఒత్తోరీనోది. సెట్లో నేను ఫ్రెంచిలో చెప్పుకుపోతాను. తర్వాత అతను చీకటి గదిలో కూర్చుని, నా పెదాలు చూస్తూ ఇటాలియన్‌లో డబ్బింగు చెబుతాడు. నాకు వాళ్ళ భాష పట్టుబడ్డాక కూడా నిర్మాతలు ఆ అలవాటు మానలేదు. మొన్న మాంసం కొట్టులో నేను నోరు విప్పగానే కొట్టామె పకపకా నవ్వింది. "మీరు మాట్లాడకండి బాబూ! సినిమాలో ఆ గొంతెక్కడ, ఇదెక్కడ!" నలుగురిలో తల కొట్టేసినట్టయింది.

అందుకే కొత్త టీవీ సీరియల్‌కు ఒకే ఒక్క షరతు పెట్టాను: నా పాత్రకు నా గొంతే ఉండాలి. ఒప్పుకున్నారు. ఇప్పుడు గొంతుకు జబ్బని తెలిస్తే ఆ షరతు కొట్టేస్తారు. డబ్బింగు ముగిశాకే డాక్టరు దగ్గరికి వెళ్తాను. నా షరతు సంగతి తెలిసి ఒత్తోరీనో వచ్చాడు. "నా తప్పేంటో చెప్పు" అన్నాడు. "నా నోట్లో కాపురం పెట్టావు, ఇక ఖాళీ చెయ్యి" అన్నాను. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నీ తమ్ముడు,
లొయిక్


రోమ్,
1974 అక్టోబరు 20

అక్కా,

రెండు నెలలుగా నా ఫోను లేక ఎంత కంగారుపడ్డావో! గొంతులో ఉన్నది కాన్సరట. స్వరపేటిక తీసేశారు. ఇక నాకు మాట లేదు. "మార్చిలోనే వచ్చి ఉంటే దక్కేది" అన్నాడు డాక్టరు. నేను చెప్పిన డబ్బింగేమో బొంగురుగా ఉందని నిర్మాత చెరిపేయించాడు. చేజేతులా చేసుకున్నాను అక్కా.

సినిమావాళ్ళలో ఆసుపత్రికి వచ్చినవాడు ఒత్తోరీనో ఒక్కడే. మంచం పక్కన కూర్చుని "పెదాలు కదపగలవా?" అన్నాడు. తలూపాను. "చాలు. మిగతాది నేను చూసుకుంటా. ఇన్నాళ్ళూ చేసిందదేగా, మొద్దూ!" గోడవైపు తిరిగి ఏడ్చాను. సిగ్గేసింది. సీరియల్ అతని గొంతుతోనే పూర్తవుతోంది.

వచ్చే ఆదివారం ఫోను మోగితే తియ్యి. మాట్లాడేది ఒత్తోరీనో. అతనికి ఫ్రెంచి రాదు. "అక్కా, బాగున్నావా?" అనే ఒక్క మాట మూడు రోజులు పెదాలు కదిపి నేర్పాను. నువ్వు జవాబు చెప్పు, తిట్టాలనుంటే తిట్టు. అతనికేమీ అర్థం కాదు. రిసీవరు మాత్రం నా చెవి దగ్గరే ఉంటుంది.

లొయిక్